డ్రాగన్ తాతను వెతుక్కుంటూ: సిరొంచ నుంచి జివతి దాకా ఆరు రోజులు

మొదటి రోజు: గోదావరి దాటి

కాళేశ్వరంలో ముక్తేశ్వరుడి దర్శనం అయ్యేసరికి పదకొండు దాటింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. మా మేనల్లుడు అక్కడి నుంచి ఓ పట్టాన కదల్లేదు. "అత్తా, చావుకు దేవుడు కూడా ఇక్కడ పక్కింటాయనలా కూర్చున్నాడు కదా" అన్నాడు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఈ ప్రయాణమంతా నాకు దారి చూపించిన మాట అదే.

వాడికి పదహారేళ్ళు. రెండేళ్ళుగా మేమిద్దరం కలిసి పిల్లల కోసం ఒక ఫాంటసీ కథ రాస్తున్నాం. అందులో మంటకొండ సీమ అని ఒక దేశం ఉంది. ఆ దేశంలో అందరూ ఒకే డ్రాగన్ సంతానం. పుట్టిన ప్రతి బిడ్డకూ ఎడమ చెవి వెనక చిన్న పొలుసు ఉంటుంది. ఆ డ్రాగన్ పేరు ఆదిజ్వాల. వాళ్ళకు ఆయనే మూలపురుషుడు, ఆయనే దేవుడు. మ్యాపు మావాడు గీశాడు. నదుల పేర్లు, పండగలు, తిండి అన్నీ కుదిరాయి. పూజ జరిగే అధ్యాయం మాత్రం ఐదుసార్లు రాసినా కుదరలేదు. గుహ, పొగ, ఎర్రని కళ్ళు, సాష్టాంగపడే జనం. చదివితే భయం తగులుతోంది గాని, చుట్టరికం తగలడం లేదు. తాతను చూసి ఎవరైనా అలా వణుకుతారా?

వేరే దేశాల కథలు తిరగేశాం. చైనా వాళ్ళు తమను డ్రాగన్ వంశస్థులమని చెప్పుకుంటారు. వియత్నాం వాళ్ళకు లాక్ లాంగ్ క్వాన్ అనే డ్రాగన్ రాజు మూలపురుషుడు. ఆయన భార్య అవ్ కో వంద గుడ్లు పెట్టిందట, వాటిలోంచి వందమంది పిల్లలు. యాభై మంది తల్లి వెంట కొండలకు, యాభై మంది తండ్రి వెంట సముద్రానికి వెళ్ళారు. అమ్మానాన్నలు విడిపోతే పిల్లల్ని పంచుకున్న కథ అది, వింటే మనసు కలుక్కుమంటుంది. కానీ అది వేరే నేల కథ. మనకైతే డ్రాగన్‌కు సొంత మాటే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, మా చిన్నమ్మ వాళ్ళ సిరొంచ. మన నేల మీద డ్రాగన్ అనదగ్గ జంతువు డైనోసార్, దాని బొక్కలు, అంటే ఎముకలు, దొరికిన తాలూకా అది. అక్కడి నుంచి పైకి చంద్రపూర్ జిల్లా కొండల్లోకి వెళ్తే, పామును తమ వంశంలో పుట్టినవాడిగా కొలిచే మెస్రం అనే గోండు వంశం వాళ్ళ ఊళ్ళు.

వంతెన దాటగానే బోర్డులు మరాఠీలోకి మారాయి, మాట మాత్రం మారలేదు. గడ్చిరోలి జిల్లా కొసన ఉన్న సిరొంచలో బడి చదువు మరాఠీ, ఇంట్లో మాట తెలుగు. చిన్నమ్మ వాకిట్లో మిర్చి ఆరబోస్తూ కనిపించింది. "బొక్కలు చూడనీకి ఇంత దూరం వచ్చిన్రా బిడ్డా" అని నవ్వి, మావాడికి ముందు అన్నం పెట్టింది.

రెండో రోజు: వడధం, పోచంపల్లి

పొద్దున్నే తమ్ముడు జీపు తీశాడు. చిన్నమ్మ కొడుకు, ఈ రోడ్లన్నీ కంఠతా వచ్చినవాడు. ఆలాపల్లి రోడ్డులో కొంతదూరం పోయాక వడధం ఊరు, అక్కడ అటవీశాఖ వాళ్ళు చూసుకునే శిలాజాల పార్కు.

మొదట చూసినవి చెట్లు. పడిపోయిన మానులు, పడినచోటే రాయి అయిపోయాయి. దూరం నుంచి మామూలు దుంగలే. నేను ఒక దాని పక్కన గొంతుకూర్చుని చూశాను. కోసిన మొదలులో ఉన్నట్టే వలయాలు, ఇటుకరంగు మీద తేనెరంగు గీతలు, నడుమ ఒక పగులులో సన్నటి పలుకులు ఎండకు మెరుస్తున్నాయి. బెరడు గరుకు కూడా అలాగే ఉంది. చేత్తో తట్టాను. కట్టె మీద తడితే వచ్చే డొల్ల చప్పుడు కోసం చెవి ఎదురుచూసింది. రాయి చప్పుడు వచ్చింది. కంటికి చెట్టు, చేతికి రాయి. ఆ రెండింటి మధ్య నా బుర్ర కాసేపు ఆగిపోయింది.

ఎలా అయింది? చెట్టు కూలి, కుళ్ళిపోకముందే వరద బురద కప్పేస్తుంది. గాలి తగలదు. నేలలోని నీళ్ళలో కరిగిన సిలికా కట్టె లోపలికి ఇంకి, ఒక్కొక్క కణం ఉన్నచోటే రాయిగా పేరుకుంటుంది. ఎముకలకు జరిగేదీ ఇలాంటిదే. అందుకే ఆకారం చెడదు, వలయాలు కూడా మిగులుతాయి.

ఇక్కడి రాతిపొరను కోటా ఫార్మేషన్ అంటారు. ప్రాణహిత ఒడ్డున సిరొంచకు ఎగువనున్న కోటా ఊరు పేరది. ఆ ఊరి సున్నపురాతిలో పొలుసులతో సహా మిగిలిన చేపల సంగతి 19వ శతాబ్దం నడిమికే లోకానికి తెలుసు. పెద్ద జంతువు సంగతి బయటపడడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దాని స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్త వచ్చారు. లెక్కల సంస్థలో ఎముకల విభాగం అలా మొదలైంది. ఆ సంస్థ వాళ్ళే 1950ల చివర, 1960ల మొదట్లో సిరొంచ తాలూకాలో పోచంపల్లి దగ్గర తవ్వారు. దాదాపు 300 ఎముకలు దొరికాయి. కనీసం ఆరు జంతువులవి, రాయి అయిన పెద్ద మానులతో కలగలిసి ఉన్నాయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే మా చిన్నమ్మ కన్నా ఎత్తు. అందుకే పేరు బారాపాసారస్. బెంగాలీలో పెద్దకాలు అని. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి పేరు చివర టాగోరై అని కలిపారు. శాస్త్రీయంగా ఆ పేరు ప్రకటించింది 1975లో. జురాసిక్ కాలం తొలి భాగం నాటిది, 17 కోట్ల ఏళ్ళ పైమాటే. పొడవాటి మెడ, పొడవాటి తోక, నాలుగు కాళ్ళ మీద నడక, తిండి ఆకులలములు.

"అయితే నిప్పు కక్కేది కాదన్నమాట" అన్నాడు మావాడు, కొంచెం దిగులుగా.

నిప్పు లేకపోవడం కన్నా నన్ను పట్టేసిన సంగతి ఇంకొకటి. అన్ని ఎముకలు దొరికినా తల దొరకలేదు. చెంచా ఆకారం పళ్ళు కొన్ని దొరికాయంతే. ఇటువైపు తెలంగాణలో యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌దీ అదే సంగతి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టింది దాన్నే. మావాడు ఐదేళ్ళప్పుడు దాని కింద నిలబడి ఏడ్చాడు. ఆ తల కూడా పోలికలను బట్టి చేసి పెట్టిందే. పొడవు మెడ జంతువులకు పుర్రె చిన్నది, మెడకు గట్టిగా అతుక్కుని ఉండదు. వరదలో ముందు కొట్టుకుపోయేది అదే.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆస్ట్రియాలో ఉంది. క్లాగెన్‌ఫుర్ట్ అనే ఊరి దగ్గర 1335లో ఒక పెద్ద పుర్రె దొరికింది. తమ ఊరి కథలో చచ్చిన డ్రాగన్‌ది అదేనని అక్కడివాళ్ళు నమ్మారు. తర్వాత ఊరి నడుమ డ్రాగన్ విగ్రహం పెట్టినప్పుడు దాని తల ఆ పుర్రెను చూసి చెక్కారు. నిజానికి అది ఒంటినిండా బొచ్చుండే పాతకాలపు ఖడ్గమృగం పుర్రె. అక్కడ తల దొరికింది, మిగతా ఒళ్ళు కథ అల్లుకుంది. మా సిరొంచలో ఒళ్ళంతా దొరికింది, తల దొరకలేదు.

మధ్యాహ్నం పోచంపల్లి పోయాం. ఎముకలు ఎప్పుడో కలకత్తా చేరి, అక్కడి మ్యూజియంలో నిలబడి ఉన్నాయి. ఇక్కడ పొలాలు, పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు, గట్టు మీద సద్దిగిన్నెలు. ఒక పెద్దమ్మను అడిగాను, ఇక్కడ పెద్ద బొక్కలు దొరికినయట కదా అమ్మా అని. "ఆ, మా అత్త చెప్తుండె. మేం పుట్టకముందు తవ్వుకపోయిన్రు" అంది చెయ్యాపకుండా. దాన్ని ఎవరైనా మొక్కేవాళ్ళా అని అడిగాను. ఆమె నావైపు వింతగా చూసింది. "అదెవరో ఎర్కలేంది ఎట్ల మొక్కుతరమ్మా?"

జీపెక్కాక కూడా ఆ మాట వదల్లేదు. అంత పెద్ద ఒళ్ళు, అన్ని కోట్ల ఏళ్ళ వయసు. అయినా ఎవరికీ ఏమీ కాదు. మా ఆదిజ్వాలకు మేం ఇచ్చినవి కూడా ఆ రెండే: సైజు, వయసు.

మూడో రోజు: సోమనూరు

అంకీస, అసరెల్లి దాటి సోమనూరు. ఇక్కడ ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఒడ్డున నిలబడితే ఇటు మహారాష్ట్ర, ఇంద్రావతికి అవతల ఛత్తీస్‌గఢ్, గోదావరికి అవతల తెలంగాణ. డిసెంబర్ నీళ్ళు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. మావాడు ఈతకు దిగాడు. నేను రాయి మీద కూర్చుని అవతలి అడవిని చూస్తూ ఉండిపోయాను.

ఆ అడవుల్లోనే, పైన బారసూరు వైపు, వెయ్యేళ్ళ కిందట ఛిందక నాగులు ఏలారు. చక్రకోట రాజ్యం వాళ్ళది. శాసనాల్లో తమను నాగవంశోద్భవులమని, భోగవతీపుర ప్రభువులమని చెప్పుకున్నారు. భోగవతి అంటే పాతాళంలో నాగుల రాజధాని. మన భాషకూ ఆ రాజ్యంలో చోటుంది. బారసూరులో క్రీ.శ. 1060 నాటి తెలుగు శాసనం దొరికింది.

అంటే పాము మాకు మూలపురుషుడు అని బాహాటంగా రాయించుకున్న రాజులు మన పక్కనే ఉండేవాళ్ళు. కానీ ఆ బిరుదులు ఎంత చదివినా నాకు అందులో తాత కనబడడు, రాజముద్ర కనబడుతుంది. వంశం గొప్పదని పక్క రాజుకు చెప్పడానికి పామును వాడుకున్నారు. ఆ రాజ్యం పోయింది, ఆ బిరుదూ పోయింది.

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు ఒక మాట చెప్పాడు. గోండిలో పామును తరాస్ అంటారట. నేను జీపు ఆపమన్నంత పని చేశాను. త్రాచు! మన త్రాచుపాములో త్రాచు. ఒకే తల్లి భాషలోంచి అటు తరాస్‌గా, ఇటు త్రాచుగా వచ్చిన మాట. మనం ఒక్క జాతి పాముకు ఉంచుకున్నాం, వాళ్ళు పాములన్నిటికీ ఉంచుకున్నారు. మావాడు అప్పటికప్పుడు మంటకొండ సీమ భాషలో డ్రాగన్‌కు ఆ పేరు పెడదామన్నాడు. వద్దన్నాను. బతికున్న జనం రోజూ వాడే మాటను అడక్కుండా ఎత్తుకొచ్చి మన కథలో తగిలించుకోకూడదు.

నాలుగో రోజు: అడవి, తర్వాత ఊరు

సిరొంచ నుంచి చంద్రపూర్‌కు రోజంతా ప్రయాణం. ఆలాపల్లి టేకు అడవులు దాటుతుంటే మావాడు నిద్రపోయాడు, నేను పోలేదు. సాయంత్రానికి చంద్రపూర్.

ఇది గోండు రాజుల రాజధాని. ఊరి చుట్టూ కోటగోడ ఇంకా ఉంది. జట్‌పురా దర్వాజా దగ్గర దిగి తలెత్తి చూస్తే గోడ మీద ఒక మృగం కనబడింది. సింహం, కానీ మామూలు సింహం కాదు. ఏనుగులు దాని కాళ్ళ కింద పిల్లుల్లా ఉన్నాయి. గోండు రాజుల చిహ్నం అది. దక్షిణాది గుళ్ళ స్తంభాల మీద చూసే యాళికి దగ్గరి చుట్టం. కింద ఆటోల హారన్లు, పానీపూరీ బండి, ఎవరి హడావుడి వాళ్ళది. ఊరికి కావలి కాయడానికి పెట్టిన జంతువు అది. కావలివాణ్ణి ఎవరూ తాతా అని పిలవరు. మావాడు మాత్రం పావుగంట నిలబడి దాని బొమ్మ గీసుకున్నాడు. మా కథలో కోట ద్వారానికి జంతువు దొరికింది.

ఐదో రోజు: భద్రావతి

చంద్రపూర్‌కు ఉత్తరాన భద్రావతి. పాత పేరు భాందక్. బౌద్ధుల విజాసన్ గుహలు, జైనుల పెద్ద గుడి, వీటితోపాటు భద్రనాగ్ ఆలయం కూడా ఇక్కడే. గుడిలో కొలువున్నది నాగదేవుడు. నాగపంచమికి ఇక్కడ పెద్ద జాతర.

మేం వెళ్ళిన రోజు రద్దీ లేదు. మా ముందు ఒకామె, నా వయసే ఉంటుంది, కొబ్బరికాయ కొట్టి, విగ్రహం ముందు కూర్చుని తెలుగులో మాట్లాడుతోంది. మంత్రం కాదు, మొక్కు కూడా కాదు. కబుర్లు. "పెద్దోనికి సంబంధం కుదిరింది నాగన్నా. పిల్ల మంచిగున్నది. మాఘంల పెండ్లి." లేచాక పలకరించాను. వాళ్ళది కరీంనగర్ వైపు. మామగారి కాలంలో బొగ్గుగనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బల్లార్‌పూర్, ఘుగ్గుస్ చుట్టుపక్కల ఇలాంటి తెలుగు కుటుంబాలు బోలెడు. నాగన్నతో అలా మాట్లాడుతున్నావేమిటి అని అడిగితే సిగ్గుపడింది. "ఇంట్ల శుభం ఉంటే పెద్దోళ్ళకు చెప్పాలె కదక్కా."

అప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన పేరు నాగయ్య. ముందు పుట్టిన ఇద్దరు నిలవలేదట. మా తాతమ్మ పుట్టకు పాలు పోసి, బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని మొక్కింది. మన ఊళ్ళలో ఎంతమంది నాగయ్యలు, నాగమ్మలు, నాగరాజులు, నాగమణులు! ప్రతి పేరు వెనకా ఎవరో ఒక తల్లి పుట్ట ముందు కూర్చుని చేసిన ఒప్పందం ఉంటుంది. నాకు కార్తీకంలో నాగుల చవితి అంటే చలిమిడి, చిమ్మిలి, పుట్ట చుట్టూ దారం. అంతవరకే గుర్తు. మా వంశంలో ఒకాయన పాము ఇచ్చిన బిడ్డ అన్న సంగతి నాకు తెలిసీ, అది మా కథకు పనికొస్తుందని ఇన్నాళ్ళూ తట్టనేలేదు. మావాడికి చెప్పాను. వాడు ఎడమ చెవి వెనక తడుముకున్నాడు.

తిరుగు దారిలో లాల్‌పేట్‌లో రాయప్ప విగ్రహాలు చూశాం. రాయప్ప కోమటి అనే ధనికుడు మహా గుడి కట్టాలని ఒక్కో బండలో ఒక్కో దేవుణ్ణి చెక్కించాడు, గుడి కట్టకుండానే పోయాడు. ఆ దేవుళ్ళు ఇప్పటికీ ఆరుబయటే ఉన్నారు. చీకటి పడుతోంది, ఎక్కువసేపు ఉండలేదు.

ఆరో రోజు: జివతి కొండలు

రాజురా, గడ్‌చాందూర్ మీదుగా ఘాటు ఎక్కి జివతి. దారిలో సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీలు. పైకి వెళ్ళేకొద్దీ పత్తి, కంది చేలు, మోదుగ చెట్లు. తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మావేనంటున్న 14 ఊళ్ళు ఈ కొండల్లోనే ఉన్నాయి. ఇటు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా, అటు ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం. చాలా ఇళ్ళలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. మరాఠీ బడి ఒకటి, తెలుగు బడి ఒకటి. ఇంట్లో గోండి, అంగట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ.

తమ్ముడికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక మెస్రం పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఊరి పేరు, ఆయన పేరు రాయను, ఆయనే వద్దన్నారు. ఎందుకొచ్చామో చెప్పాను, కథ సంగతి కూడా దాచలేదు. ఆయన విని, కొన్ని సంగతులు చెప్తాను, కొన్ని చెప్పను, చెప్పినవాటిలో కొన్ని రాయొద్దు అన్నారు. అలాగే పెద్దయ్యా అన్నాను. ఇక్కడ ఉన్నవి రాయొచ్చన్నవే.

గోండుల్లో ఒక్కో వంశానికి ఒక్కో పెర్స పేన్, అంటే పెద్ద దేవుడు. మెస్రం వాళ్ళకు నాగోబా. స్థానం ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్. పుష్య అమావాస్య నాడు జాతర. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూడా మెస్రం వాళ్ళు ఎడ్లబండ్లు కట్టుకుని వస్తారు. మేం వెళ్ళేసరికి పుష్యం ఇంకా మొదలవలేదు. వాకిట్లో బండి చక్రానికి ఇనుప పట్టా బిగిస్తున్నారు.

నాగోబా కథను ఎక్కువమంది చెప్పే తీరు ఇది. మెస్రం వంశపు రాణికి కలలో నాగేంద్రుడు కనబడి, నీ కడుపున పాముగా పుడతానన్నాడు. పుట్టాడు. తల్లి ఆ కొడుకును దాచలేదు, విడిచిపెట్టలేదు. ఈడొచ్చాక తన తమ్ముడి కూతురు గౌరినిచ్చి పెళ్ళి చేసింది. మేనరికం! ఆ గౌరి భర్తను బుట్టలో పెట్టుకుని, అత్త చెప్పినట్టు గోదావరికి బయల్దేరింది. గోదావరిలో మునగగానే ఆయన మనిషి అయ్యాడు. పేరు ప్రతిష్ఠలు కావాలా, సంప్రదాయం కావాలా అని భార్యను అడిగాడు. ఆమె సంప్రదాయం వైపు నిలబడకపోయేసరికి మళ్ళీ పాము అయిపోయాడు. ఆమె వెతికి వెతికి చివరికి గోదావరిలోనే కలిసిపోయింది. ఆయన కేస్లాపూర్ పుట్టలోకి వెళ్ళిపోయాడు. ఏటా పుష్య అమావాస్యకు గోదావరి నీళ్ళతో తనను చూడటానికి రమ్మని చెప్పి మరీ వెళ్ళాడు.

అందుకే ఇప్పటికీ మెస్రం వాళ్ళు జన్నారం మండలం కలమడుగు దగ్గరున్న హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్ళు తెస్తారు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసిస్తారు. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస. ఆడబిడ్డలు మట్టితెచ్చి పుట్టలు కడతారు, అల్లుళ్ళు సాయం చేస్తారు. అంతా అయ్యాక అర్ధరాత్రి మహాపూజ. అక్కడ వంశం వాళ్ళు తమలో తామే చందాలు వేసుకుని కట్టుకున్న కొత్త రాతిగుడి 2022 డిసెంబర్‌లో తెరుచుకుంది.

ఇవన్నీ పేపర్లలో కొంత చదివినవే. పెద్దాయన నోట వింటుంటే మాత్రం వేరేగా వినపడింది. మా కథలో ఆదిజ్వాల పర్వతాలు బద్దలు చేశాడు, సముద్రాలు ఎండగట్టాడు. ఈ నాగోబా చేసినవి ఏమిటి? ఒక తల్లి కడుపున పుట్టాడు. మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. భార్యతో మాట తేడా వచ్చింది. అలిగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, ఏడాదికొకసారి వచ్చి కనబడమన్నాడు. దేవుడయ్యాక కూడా ఇంటి మనిషిగానే ఉన్నాడు. ఆయన పూజలో కూతురికో పని, అల్లుడికో పని, కుమ్మరికో పని.

మావాడు కొంచెం బెదురుతూనే అడిగాడు, "తాతా, ఆయనంటే భయం లేదా?"

పెద్దాయన కొంచెంసేపు ఆలోచించారు. "ఉంటది. నాయినంటె నీకు లేదా? నీళ్ళు తేకుంటె ఏమనుకుంటడో అని భయం."

అప్పుడే లోపలి నుంచి ఒక అమ్మాయి చాయ్ తెచ్చింది. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. ఆ ఇంటి కొత్త కోడలు, వేసవిలో పెళ్ళయింది. పుట్టిల్లు కెరమెరి వైపు, తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివింది. ఈ పుష్యంలో ఆమెకు భేటి ఉంది. మెస్రం ఇంటికి వచ్చిన కోడళ్ళను మహాపూజ తర్వాత నాగోబాకు చూపిస్తారు. తెల్లచీర కట్టి, ముసుగు వేసి, పెద్దవాళ్ళు ముందుండి తీసుకెళ్ళి, ఫలానా ఇంటి కోడలు అని పరిచయం చేస్తారు. అది అయ్యేదాకా ఆమెకు వంశం పూజలో చోటు లేదు, అయ్యాక ఆమె పూర్తిగా వాళ్ళ మనిషి. దీన్ని భేటి కొరియాడ్ అంటారు. కొరియాడ్ అంటే కోడలు. అదీ మన మాటకు తోబుట్టువే, తరాస్‌కు త్రాచు లాగే.

చీర కొన్నావా అని అడిగాను. లోపలికి వెళ్ళి తెచ్చి చూపించింది. తెల్లటి నూలుచీర, ఇంకా మడత విప్పలేదు. అంగడి కాగితం అలాగే ఉంది. మడత అంచు మీద పసుపు వేలిముద్ర ఒకటి, చిన్నది, సగమే పడింది. ఆ చీరను రెండు చేతుల మీదా నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. "టెన్షన్ ఉందా?" అన్నాను. "ఉందక్కా. తల ఎంతసేపు వంచాల్నో, ఏం అనుకోవాల్నో తెల్వది. అత్తమ్మ చెప్తనన్నది." మళ్ళీ తనే అంది, "ఆయనకు నా పేరు చెప్తరు గదా. అది మంచిగనిపిస్తుంది."

చాయ్ తాగుతుండగా ఆమె మావాడి నోట్‌బుక్కు చూసింది. గుహ, పొగ, ఎర్రకళ్ళు. పేజీలు తిప్పి, రెక్కలు బాగా వేశావని మెచ్చుకుంది. తర్వాత అడిగింది.

"ఈయనకు కోడళ్ళు లేరా?"

మావాడు నావైపు చూశాడు. లేరమ్మా అన్నాను. ఇప్పుడు రాయాలి, మొదటి అధ్యాయంలోనే ఒక అమ్మాయి పెళ్ళయి ఆ ఊరికి వస్తుంది, ఆమెను ఆయనకు చూపించడానికి తీసుకెళ్తారు అన్నాను.

పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, బండి చక్రం దగ్గరికి లేస్తూ అన్నారు.

"అయితె ముందుగాల ఆ పిల్లది ఏ ఊరో రాసుకో. ఆయన అడిగేది అదే."